పొట్టి మేకల పెంపకం: అపోహలు - వాస్తవాలు

టెక్సాస్‌లో నాలుగైదు ఎకరాలు కొనుక్కున్న మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది నైజీరియన్ డ్వార్ఫ్ మేకల గురించే. మా దొడ్లో ఉన్నవీ అవే. పశ్చిమ ఆఫ్రికా మూలాలున్న ఈ జాతిని అమెరికన్ డైరీ గోట్ అసోసియేషన్ 2005లో పాడి జాతిగా గుర్తించింది. ఆడమేక ఎత్తు 22.5 అంగుళాలు దాటకూడదు. చూడగానే ముద్దొస్తాయి. ఎత్తు తక్కువ కాబట్టి చాకిరీ కూడా తక్కువే అనుకుని కొనేస్తారు. చిక్కంతా అక్కడే.

అపోహ: ఇంత పొట్టి మేక ఏం పాలిస్తుంది?
మంచి వంశంలోదైతే రోజుకు లీటరు నుంచి రెండు లీటర్లు ఇస్తుంది. వెన్న 6 శాతం దాకా ఉంటుంది కాబట్టి పాలు చిక్కగా, కమ్మగా ఉంటాయి. అయితే చన్నులు పొట్టివి, పిడికిలికి అందవు. బొటనవేలు, రెండు వేళ్లతో పిండాలి, అదీ రెండు పూటలా. ఈనితేనే పాలు కదా, ఈతకు మూడు నాలుగు పిల్లలు మామూలే. పోతుపిల్లల్ని రెండు నెలలకే తల్లి నుంచి, అక్కచెల్లెళ్ల నుంచి వేరు చేయాలి. ఆ వయసుకే అవి చూడి కట్టించగలవు.

అపోహ: మేక ఏదైనా తింటుంది.
మేక ఏరుకుని తింటుంది. కింద పడి తొక్కిన గడ్డిని ముట్టదు. కానీ ఏరుకున్నంత మాత్రాన విషం తినదని కాదు. కంచె వెంట గన్నేరు ఉంటే ముందు అది పీకేయండి, కొద్దిపాటి ఆకులకే ప్రాణం పోతుంది. ఇక్కడి జాన్సన్ గడ్డి మన జొన్నకు దాయాది. మన ఊళ్లలో లేత జొన్న మేసిన పశువుకు తగిలే నాము అనే విషం, మంచు పడ్డాక ఈ గడ్డి మేసిన మేకకూ తగులుతుంది. గొర్రెల కోసం అమ్మే మినరల్ మిశ్రమం మేకకు పెట్టడం ఇంకో పొరపాటు. రాగి (కాపర్) కాస్త ఎక్కువైనా గొర్రెకు విషం కాబట్టి అందులో కలపరు, మేకకేమో రాగి కావాలి. తోక చివర వెంట్రుకలు రాలి చేపతోకలా చీలితే రాగి తగ్గిందేమోనని అనుమానించండి.

అపోహ: నెలనెలా అన్నిటికీ నట్టల మందు తాగిస్తే చాలు.
నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. వేడి, తేమ కలిసిన వేసవిలో రక్తం పీల్చే బార్బర్ పోల్ నట్ట విజృంభిస్తుంది. ప్రతి మేకకూ అదే మందు పదేపదే పోస్తే, దానికి చావని నట్టలు మిగిలి, వాటి సంతతే దొడ్డంతా నిండుతుంది. నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచేయదు. అందుకే మేం కళ్లు చూస్తాం. మేకను వెలుతురులో నిలబెట్టి, కింది రెప్ప మెల్లగా లాగి, లోపలి పొర రంగును ఫమాచా కార్డుతో పోల్చుకుంటాం. దక్షిణాఫ్రికాలో పుట్టిన పద్ధతి ఇది, కార్డు మీద ఐదు రంగులుంటాయి. ఎర్రగా ఉంటే మందు వద్దు. తెల్లగా పాలిపోతే రక్తం తగ్గినట్టు, ఆ మేకకే మందు పోయాలి. వానలు పడ్డాక రెండు వారాలకోసారి చూడండి. దవడ కింద నీరు దిగి వేలాడుతోందంటే అప్పటికే ఆలస్యమైంది, వెంటనే వెటర్నరీ డాక్టరుకు ఫోన్ చేయాలి. నట్టల పిల్లలు (లార్వాలు) గడ్డి మొదళ్లలోనే ఎక్కువ ఉంటాయి, కాబట్టి నాలుగంగుళాల కన్నా కిందికి మేయనివ్వకండి.

ఒక్క మేక చాలనుకోకండి. ఒంటరి మేక రోజంతా అరుస్తుంది, బెంగతో మేత తగ్గిస్తుంది. కనీసం రెండుండాలి. ఇక కంపు అంటారా, అది పోతుది. ఎద కాలంలో తన గడ్డం మీద తానే మూత్రం పోసుకుంటుంది. పోతును దూరంగా కట్టి, పిండిన పాలను వెంటనే వడకట్టి ఐస్ నీళ్లలో పెడితే పాలకు ఆ వాసన రాదు.

అపోహ: పసిబిడ్డకు మేకపాలు అమృతం.
ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు, నానమ్మలు ప్రేమతోనే అడుగుతారు. అయినా ఏడాది నిండని బిడ్డకు ఇవ్వను. ఆ పాలలో ఫోలేట్ అనే విటమిన్ బాగా తక్కువ, వాటి మీదే పెరిగితే రక్తహీనత వస్తుంది. ఆవుపాల ప్రొటీన్ పడని పిల్లల్లో చాలామందికి ఇవీ పడవు. లాక్టోజ్ అనే పాలచక్కెర కూడా ఉంటుంది. పెద్దవాళ్లయినా కాచే తాగండి, పచ్చిపాలతో బ్రూసెల్లోసిస్ అనే జ్వరం రావచ్చు.

అపోహ: రెండు మేకల్ని కట్టేస్తే ప్రాపర్టీ ట్యాక్స్ తగ్గుతుంది.
టెక్సాస్‌లో వ్యవసాయ భూమి కింద పన్ను తగ్గాలంటే సాధారణంగా గత ఏడేళ్లలో ఐదేళ్లయినా ఆ భూమి వ్యవసాయానికి వాడి ఉండాలి. ఎన్ని పశువులుండాలన్నది ఏ కౌంటీకి ఆ కౌంటీ లెక్క. స్థలం కొనకముందే, పన్ను కోసం భూమి విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్‌ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. మేకల్ని ఆ తర్వాత కొనవచ్చు, అదీ సీఏఈ (మేకల కీళ్లు వాచే వైరస్ జబ్బు) రక్తపరీక్ష రిపోర్టు చూశాకే.