కుక్క రక్తం చుక్కలో ఏముందో చూడకుండా 'టిక్ ఫీవర్' అనొద్దు: అపోహలు - వాస్తవాలు

టిక్ ఫీవర్ అన్న ఒక్క మాట కింద మనం నాలుగైదు వేరువేరు జబ్బులను కలిపేస్తున్నాం. గోమారి (టిక్) వల్ల వచ్చే క్రిములే ఎర్లీకియా, బబీసియా గిబ్సోనీ, బబీసియా వోగెలీ, హెపటోజూన్. వీటికి తోడు జోరీగలు మోసుకొచ్చే ట్రిపనోసోమా, దోమలు ఎక్కించే ఫైలేరియా పురుగులు. ఒకదానికి పనిచేసే మందు ఇంకోదానికి పనిచేయదు. పేరు తేల్చకుండా సూది వేయిస్తే కుక్క నాలుగు రోజులు లేచి తిరుగుతుంది, నెల తిరిగేసరికి మళ్లీ మూలన పడుకుంటుంది. వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు కుక్కలను పెంచేవాళ్ల నోట రోజూ వినపడే మాటలు కొన్ని తీసుకుని, అసలు సంగతి చెప్తాం.

"ఒంటి మీద ఒక్క గోమారి లేదు సార్, గోమారి జరం ఎట్లొస్తది?"

గోమారి కుట్టిన రోజే జ్వరం రాదు. ఎర్లీకియా బయటపడటానికి 8 నుంచి 20 రోజులు పడుతుంది. ఈలోపు రక్తం తాగిన గోమారి రాలిపోయి గోడ పగుళ్లలో, తలుపు చట్రాల సందుల్లో దూరి ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించే గోధుమరంగు గోమారి పిల్ల దశలో ఒకసారి, నడి దశలో ఒకసారి, పెద్దయ్యాక ఒకసారి కుక్కనెక్కి, ప్రతిసారీ దిగిపోతుంది. పిల్ల దశలో ఆవగింజ కన్నా చిన్నది, వెంట్రుకల్లో కంటికి ఆనదు. చెవి లోపల, కాలివేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద, చంకల్లో వేలితో తడిమి చూడాలి. బబీసియా గిబ్సోనీకి గోమారి కూడా అక్కర్లేదు, కుక్కలు కొట్లాడి కరుచుకున్నా అంటుతుంది. హెపటోజూన్ అయితే గోమారి కుడితే రాదు, కుక్క ఒళ్లు కొరుక్కుంటూ గోమారిని మింగితే వస్తుంది.

"ఎండలకు వేడి చేసింది, అందుకే ముక్కుల నుంచి రక్తం పడ్తుంది, మూత్రం ఎర్రగొస్తుంది."

రామగుండం ఎండలు చూసినవాళ్లు ఈ మాట అనడంలో వింత లేదు. కానీ మజ్జిగ పోసి, తడిగుడ్డ కప్పి రెండు రోజులు ఆగితే ఆ రెండు రోజులే కుక్క ప్రాణం మీదికి తెస్తాయి. ముక్కు నుంచి రక్తం, పొట్ట చర్మం మీద సూదిమొనంత ఎర్ర చుక్కలు, చిగుళ్ల మీద మచ్చలు ఉంటే ప్లేట్‌లెట్లు పడిపోయాయేమో చూడాలి, ఎర్లీకియాను అనుమానించాలి. మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తూ చిగుళ్లు పాలిపోతే బబీసియా ఎర్రకణాలను పగలగొడుతోందేమో చూడాలి. పసిరికలు కూడా అక్కడి నుంచే వస్తాయి. కాలేయానికని పసరు పోస్తే రక్తం కరిగిపోవడం ఆగదు.

తేడా పట్టడం సులువే. మూత్రాన్ని సెంట్రిఫ్యూజ్‌లో (ట్యూబులను గిరగిరా తిప్పే ల్యాబ్ యంత్రం) 5 నిమిషాలు తిప్పండి. అడుగున ఎర్రటి మడ్డి చేరి పైన తేటబడితే అది రక్తస్రావం. తిప్పాక కూడా పైన ద్రవం ఎర్రగానే ఉంటే ఎక్కువసార్లు అది పగిలిన కణాల్లోంచి వచ్చిన హీమోగ్లోబినే. ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అన్నదాన్ని బట్టి జ్వరం చెప్పలేం. థర్మామీటర్ మలద్వారంలో పెట్టి చూడాలి. 102.5 ఫారెన్‌హీట్ దాటితే జ్వరం.

జ్వరానికని ఇంట్లో ఉన్న పారాసిటమాల్, డైక్లోఫెనాక్ గోలీ వేయకండి. కుక్క కాలేయం, కడుపు, కిడ్నీలు వాటికి తట్టుకోలేవు. ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే లోపల రక్తస్రావం ఇంకా పెరుగుతుంది.

"రక్తం పరీక్ష చేయించినం, పురుగు ఏం లేదన్నరు."

ఎక్కడి రక్తం తీశారు, ఎప్పుడు తీశారు, ఎవరు ఎంతసేపు చూశారు? ఈ మూడూ తెలియకుండా ఆ కాగితానికి విలువ లేదు. డాక్సీసైక్లిన్, స్టెరాయిడ్ సూది పడ్డాక తీసిన రక్తం సగం సంగతి దాచేస్తుంది. నమూనా ముందు, మందు తర్వాత. ఈ వరుస తప్పితే తర్వాత ఎంత ఖరీదైన పరీక్ష చేయించినా దారి దొరకదు.

బబీసియాకు చెవి అంచు రక్తం మంచిది. సన్నని రక్తనాళాల్లో ఈ జీవి ఎక్కువగా పోగుపడుతుంది. వెంట్రుకలు గొరిగి స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. తడిగా ఉండగా పొడిస్తే స్పిరిట్ కలిసి కణాలు పగులుతాయి. వచ్చిన మొదటి చుక్కను సజ్జగింజంత స్లైడ్ మీద తీసుకుని, ఇంకో స్లైడ్‌ను 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఆనించి, ఆపకుండా ఒకే ఊపులో లాగాలి. రక్తం మరీ పల్చబడిన కుక్కకు వాలు కొంచెం నిటారుగా పెట్టకపోతే పొర మరీ సాగిపోతుంది. పొర నాలుక ఆకారంలో వచ్చి, చివర ఈకలా పల్చబడాలి.

వానాకాలంలో గాలిలో తేమకు స్లైడ్ నెమ్మదిగా ఆరి, ఎర్రకణాల్లో మెరిసే గుండ్రటి బుడగలు ఏర్పడతాయి. కొత్తవాళ్లు వాటినే బబీసియా అనుకుంటారు. ఫ్యాన్ కింద గబగబా ఆరబెట్టండి. ఆరిన స్లైడ్‌ను మిథనాల్‌లో ముంచకుండా బల్ల మీద వదిలేస్తే తెల్లారేసరికి ఈగలు, చీమలు రక్తం నాకేసి పోతాయి. మిథనాల్‌లో 3 నుంచి 5 నిమిషాలు ఉంచి, ఒకటికి పది పాళ్లు కలిపిన గీమ్సా అనే రంగులో అరగంట పెట్టాలి. బోరు నీళ్లతో రంగు కలపొద్దు. మన వైపు బోరు నీళ్లలో ఉప్పదనం ఎక్కువ, రంగు తేడా వచ్చి నల్లటి రేణువులు పేరుకుంటాయి. డిస్టిల్డ్ నీళ్లతో చేసిన 7.2 పీహెచ్ బఫర్ వాడండి.

నూనె వేసి మైక్రోస్కోప్ 100 ఎక్స్ లెన్స్ కింద ఈక అంచును, పక్కలను కనీసం 100 ఫీల్డ్‌లు (లెన్స్‌లో ఒకసారికి కనిపించే మేర ఒక ఫీల్డ్) చూడాలి. వోగెలీ పెద్దది, బేరిపండు ఆకారంలో జంటగా ఎర్రకణం నిండా కనిపిస్తుంది. గిబ్సోనీ 1 నుంచి 3 మైక్రాన్లే, చిన్న ఉంగరంలా ఒక మూలన ఊదారంగు చుక్కతో ఉంటుంది. అనుమానం వస్తే ఫోకస్‌ను మెల్లగా పైకీ కిందికీ కదపండి. నిజమైన బబీసియా ఎర్రకణంతో కలిసే స్పష్టమవుతుంది, కలిసే మసకబడుతుంది. రంగు రేణువు అయితే కణానికి పైన వేరే మట్టంలో తేలి ఉంటుంది. కణం మీద కూర్చున్న ప్లేట్‌లెట్ చుట్టూ తెల్లటి వలయం కనిపిస్తుంది. గిబ్సోనీని వదిలేసే తప్పులూ, లేనిచోట ఉందనే తప్పులూ ఎక్కువగా జరిగేది ఇక్కడే.

ఎర్లీకియా మోనోసైట్ అనే తెల్లకణంలో మల్బరీ పండులాంటి గుత్తిగా ఉంటుంది, కానీ జబ్బు మొదటి రోజుల్లోనే, అదీ అరుదుగా. స్లైడ్‌లో దొరకనంత మాత్రాన ఎర్లీకియాను కొట్టిపారేయకూడదు. హెపటోజూన్ తెల్లకణాల్లో కోలగుడ్డు ఆకారంలో కనపడుతుంది. సన్నని గాజుగొట్టంలో రక్తం తిప్పి, ఎర్రకణాల మీద పేరుకున్న తెల్లపొరను స్లైడ్ చేస్తే సులువుగా పట్టుబడుతుంది.

"ప్లేట్‌లెట్లు 40 వేలే ఉన్నయి, ఎర్లీకియానే. బొప్పాయి ఆకు రసం పోస్తున్నం."

ముందు ఆ అంకె నిజమో కాదో చూడండి. మనుషుల ల్యాబ్ యంత్రంలో కుక్క రక్తం పెడితే లెక్క తప్పొచ్చు, ఎందుకంటే కుక్క ఎర్రకణం మన కణం కన్నా చిన్నది. ట్యూబులో రక్తం సరిగా కలపకపోతే ప్లేట్‌లెట్లు ముద్దకట్టి, యంత్రం తక్కువ చూపిస్తుంది. ఊదా మూత ట్యూబులో గీత వరకు రక్తం నింపి, 8 నుంచి 10 సార్లు మెల్లగా తలకిందులు చేయాలి, ఊపొద్దు. స్లైడ్ మీద ఈక అంచులో ముద్దలు లేవని చూసుకుని, కణాలు ఒకే పొరగా ఉన్నచోట 10 ఫీల్డ్‌ల సగటు తీయండి. ఒక ఫీల్డ్‌లో ఒక ప్లేట్‌లెట్ అంటే సుమారు 15 వేలు. ఇలా చూసినా తక్కువే వస్తే అప్పుడు నమ్మండి. బబీసియాలోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి, గిబ్సోనీలో మరీ. ఆకు రసం ఏ క్రిమినీ చంపదు.

తక్కువ ఉందని తేలితే మెడ పెద్ద నాళం నుంచి రక్తం తీయొద్దు, కండరంలో సూదులు తగ్గించండి, ముందుకాలి నాళంలో తీసి 5 నిమిషాలు అదిమి పట్టుకోండి.

"కిట్‌ల నెగటివ్ వచ్చింది."

ఎర్లీకియా కిట్లు చూసేది యాంటీబాడీలను. అవి తయారవడానికి 7 నుంచి 28 రోజులు పడుతుంది కాబట్టి జ్వరం వచ్చిన రెండో రోజు నెగటివ్ రావడం సహజం. అటు, జబ్బు తగ్గిన కుక్కకు నెలల తరబడి పాజిటివ్ వస్తూనే ఉంటుంది. చాలా కిట్లలో బబీసియా, హెపటోజూన్, ట్రిపనోసోమా ఉండవు. డబ్బా మీద ఏ పేర్లున్నాయో చదవండి. గిబ్సోనీ అనుమానం బలంగా ఉండి స్లైడ్‌లో దొరక్కపోతే, మందు మొదలుపెట్టకముందే 1 మిల్లీలీటరు రక్తం పీసీఆర్‌కు (క్రిమి జన్యువును పట్టే పరీక్ష) పంపాలి.

"కంటిల పువ్వు పడ్డది, చుక్కల మందు ఏసినం."

బర్రెల కొట్టం దగ్గర తిరిగే కుక్కకు, పచ్చి మాంసం తుక్కు తినే కుక్కకు కన్ను నీలితెలుపుగా మబ్బుపడి, జ్వరం వచ్చి పోతూ, మొహం, కాళ్లు ఉబ్బితే సర్రాను, అంటే ట్రిపనోసోమా వల్ల వచ్చే జబ్బును, తప్పక చూడాలి. చేసేది చిన్న పనే. తాజా రక్తం చుక్క మీద కవర్ స్లిప్ వేసి వెంటనే 40 ఎక్స్‌లో చూస్తే, ట్రిపనోసోమా పాములా మెలికలు తిరుగుతూ ఎర్రకణాలను నెట్టుకుంటూ పోతుంది. రక్తంలో అది ఒకరోజు ఉండి ఇంకోరోజు మాయమవుతుంది, అందుకే జ్వరం ఎక్కిన సమయంలో వరుసగా మూడు రోజులు చూడాలి. బర్రెకు తెచ్చిన డిమినజీన్ అనే మందు పొట్లంలోంచి చేతి అంచనాతో కుక్కకు ఎక్కించొద్దు. కుక్కలో మోతాదుకూ విషానికీ మధ్య ఎడం చాలా తక్కువ, మెదడు దెబ్బతింటుంది.

"రక్తంలో సన్న పురుగులు కదులుతున్నయి, గుండె పురుగే."

దోమ ద్వారా వచ్చే ఫైలేరియా అంతా గుండెలో ఉండదు. గుండె పురుగు ఈశాన్యంలో, అస్సాం, మిజోరం వైపు బాగా తెలిసిందే. కేరళలో ఎక్కువగా కనిపించే రెపెన్స్ అనే జాతి చర్మం కింద ఉంటుంది. ఇంకో జాతి గోమారితో, దోమతో పనిలేకుండా కుక్కను కుట్టే ఫ్లీ పురుగుల ద్వారా వస్తుంది. తేల్చడానికి 1 మిల్లీలీటరు రక్తంలో 2 శాతం ఫార్మలిన్ 9 మిల్లీలీటర్లు కలిపి, నిమిషానికి 1500 చుట్ల వేగంతో 5 నిమిషాలు తిప్పి, పైన నీళ్లు పారబోసి, మడ్డికి మిథిలీన్ బ్లూ చుక్క కలిపి, పురుగు పిల్లల పొడవు కొలవాలి, తల, తోక ఆకారం చూడాలి. గుండె పురుగు యాంటిజెన్ కిట్ పెద్ద ఆడపురుగులనే పట్టుకుంటుంది, దోమ కుట్టిన ఐదారు నెలల లోపు నెగటివే వస్తుంది. జాతి తెలియకుండా ఐవర్‌మెక్టిన్ సూది వేస్తే పిల్లపురుగులు ఒక్కసారిగా చచ్చి కుక్క కుప్పకూలొచ్చు.

ఆ ఫార్మలిన్ సీసాను రక్తం స్లైడ్లతో ఒకే డబ్బాలో పెట్టి మామునూరు పశువైద్య కళాశాలకో, కోరుట్ల పశువైద్య కళాశాలకో పంపొద్దు. ఆవిరి తగిలితే స్లైడ్లు రంగు పట్టవు. ట్యూబును ఐసుకు నేరుగా ఆనించొద్దు, గుడ్డ చుట్టండి. రక్తం ఐసులా గడ్డకడితే కణాలన్నీ పగిలిపోతాయి.

"మూడు దినాలకే లేచి తిన్నది, గోలీలు ఆపినం."

ఎర్లీకియాకు డాక్సీసైక్లిన్ 28 రోజులు, తిండితో పాటు. వోగెలీకి ఇమిడోకార్బ్ పనిచేస్తుంది, గిబ్సోనీని అది నమ్మకంగా చంపదు. దానికి అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి 10 రోజులు వాడాలి. మోతాదు మీ డాక్టర్ బరువు తూచి రాయాలి. గిబ్సోనీ వచ్చిన కుక్కకు మందు అయిపోయాక 60వ రోజు, 90వ రోజు పీసీఆర్ చేయించండి. రెండూ నెగటివ్ వచ్చినా ఆ కుక్క రక్తాన్ని ఇంకో కుక్కకు ఎక్కించొద్దు.