“జపనీస్ వచ్చాక పంపిస్తాం” అనకండి: జపాన్ పిల్లల ఆటలపై అపోహలు - వాస్తవాలు

“మావాడికి జపనీస్ ఇంకా రాదక్కా. నాలుగు ముక్కలు వచ్చాక తీసుకొస్తాంలే.”

టోక్యో తూర్పు వైపు ఒక జిదోకాన్‌లో, అంటే పిల్లలు వచ్చి ఆడుకునే కేంద్రంలో, పనిచేస్తున్నాను. మనవాళ్లు కొత్తగా దిగినప్పుడల్లా ఈ మాట వింటూనే ఉంటాను. ఎదురుగా ఉన్న తల్లి ముఖంలో అంత టెన్షన్ కనిపిస్తుంటే గట్టిగా చెప్పడానికి నోరు రాదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

అపోహ: భాష రాకపోతే ఇక్కడి పిల్లలతో ఆడుకోలేరు.

మిగతా అపోహల వల్ల పోయేది డబ్బు, కాదంటే నాలుగు జతల బట్టలు. దీనివల్ల పిల్లల మొదటి ఏడాదే పోతుంది. అమ్మానాన్నలు ఆన్‌లైన్ ట్యూటర్‌ని పెడతారు. పిల్లాడు “ఇది పెన్సిల్, అది కుర్చీ” నేర్చుకుంటాడు. మైదానంలో ఎవరికి కావాలండీ పెన్సిల్? అక్కడ పనికొచ్చేవి మూడే మాటలు: “ఇరెతే” అంటే నన్నూ చేర్చుకోండి, “మత్తే” అంటే ఆగు, “జురుయి” అంటే తొండి. ఈ మూడూ ఏ ట్యూటరూ మొదటి పాఠంలో చెప్పరు. ఆటలో దిగితే ఒక్క సాయంత్రంలో నోటికొచ్చేస్తాయి. తొండి అనే మాటైతే ఇంకా ముందే.

అసలు ఇక్కడి పాత ఆటల్లో చాలావాటికి మాటలతో పనే లేదు. ఎవరు ముందు, ఎవరు దొంగ అన్నది జాన్‌కెన్ తేలుస్తుంది. రాయి, కత్తెర, కాగితం. ఇద్దరూ ఒకటే వేస్తే మళ్లీ వేయాలి. ఇందులో అర్థం కావడానికి ఏముంది? “ఓనిగొక్కో” అంటే పట్టుకునే ఆట, దొంగని ఓని, అంటే రాక్షసుడు అంటారు. పరిగెత్తడం వస్తే చాలు.

“దారుమా-సాన్ గా కొరొందా”, అంటే “దారుమా బొమ్మగారు పడిపోయారు” అనే ఆట చూడండి. ఓని చెట్టుకేసి ముఖం పెట్టి ఆ మాట అంటాడు. జపనీస్‌లో అది సరిగ్గా పది అక్షరాలు, పది లెక్కపెట్టడానికి బదులన్నమాట. ఒసాకా వైపు పిల్లలైతే అదే పది అక్షరాల్లో “సన్యాసిగారు పిత్తారు” అంటారు. పిల్లలు ఎక్కడైనా పిల్లలే. అనడం అయిపోగానే ఓని వెనక్కి తిరుగుతాడు. అప్పుడు కదిలినవాళ్లు దొరికిపోయినట్టు. దొరికినవాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఓని పక్కన వరసగా నిలబడాలి. దొరకనివాడెవడో దగ్గరిదాకా వచ్చి ఆ చేతుల గొలుసుని నరికితే అందరూ పరుగో పరుగు.

పోయిన వసంతంలో ఒక ఆరేళ్ల బాబు వచ్చాడు. వాళ్ల అమ్మ గుంటూరు వైపు మనిషి. ఒక్క ముక్క జపనీస్ రాదు. మొదటిసారి ఓని తిరగ్గానే వీడు తాపీగా నడుచుకుంటూ వెళ్లిపోతున్నాడు. అందరూ నవ్వారు. మూడో తరగతి పిల్ల ఒకతి వచ్చి, ఏమీ అనకుండా వీడి చిటికెన వేలు తీసి ఓని చిటికెన వేలికి తగిలించి వెళ్లిపోయింది. కాసేపటికి ఎవడో గొలుసు నరికాడు. అందరూ పరిగెత్తారు, వీడూ పరిగెత్తాడు. ఆ తర్వాత నియమాలు ఎవరూ చెప్పలేదు. సాయంత్రం ఐదింటికి ఇంటికి రమ్మంటే ఏడ్చాడు.

ఇంకో సంగతి. చిన్నపిల్లలకీ, ఆట తెలియనివాళ్లకీ టోక్యోలో “ఒమిసో” అని ఒక పద్ధతి ఉండేది. మన ఆటలో అరటిపండే. ఆటలో ఉంటాడు, తాకినా ఓని అవ్వడు. వీధిలో ఆడే పిల్లల గుంపులో మూడేళ్ల చెల్లి నుంచి పన్నెండేళ్ల అన్న దాకా అందరూ ఉండేవాళ్లు కాబట్టి ఇలాంటి ఏర్పాటు లేకపోతే ఆట సాగదు. ఆ మాట ఎరగని పిల్లలు కూడా ఇప్పటికీ అదే పని చేస్తారు, రోజూ చూస్తున్నాను.

అలాగని అందరూ మొదటి రోజే కలిసిపోతారని చెప్పను. కొందరు రెండు వారాలు గోడకి ఆనుకుని చూస్తారు. చూడనివ్వండి. పక్కన నిలబడి “వెళ్లు నాన్నా, ఆడుకో నాన్నా” అనకండి, అంతే.

తెనాలి నుంచి కూతురి దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ సంగతి చెప్పాలి. మనవరాలిని దింపడానికి వచ్చి, మూల బుట్టలో ఉన్న ఒతెదామా చూశారు. ఎర్ర చిక్కుడు గింజల్లాంటి అజుకి గింజలు పోసి కుట్టిన చిన్న చిన్న బట్ట సంచులవి, ఎగరేసి పట్టుకుంటారు. ఆవిడ చెప్పులు విప్పి, కింద కూర్చుని, ఐదు సంచులు పరిచి, ఒకటి ఎగరేసి అది కిందికొచ్చేలోపు కిందివి ఏరడం మొదలుపెట్టారు. అచ్చనగాయలు! ఇక్కడా పూర్వం దీన్ని రాళ్లతోనే ఆడేవారు, ఇషినాగో అనేవారు. పది నిమిషాల్లో చుట్టూ ఆడపిల్లలు చేరిపోయారు. ఆవిడ తెలుగులోనే “ఇదిగో, రెండేసి” అంటున్నారు, వాళ్లు జపనీస్‌లో కేకలు వేస్తున్నారు. “పిల్లలు బుద్ధిమంతులమ్మా, కానీ తొండి ఆడతారు” అన్నారు వెళ్తూ వెళ్తూ.

ఇక మిగతావి గబగబా చెప్పేస్తా.

“కెందామా వేల ఏళ్లనాటి జపాన్ మెదడు వ్యాయామం.” కాదు. కప్పులో బంతి పట్టే ఆట యూరప్ నుంచి వచ్చింది. మూడు కప్పులు, ఒక మొనతో ఇప్పుడున్న రూపం హిరోషిమా ప్రాంతంలో 1919లో నమోదైంది. మెదడు కిట్ అని ఎక్కువ డబ్బు పోయకండి, మా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి, ఊరికే ఆడుకోవచ్చు. ఒరిగామి కిట్లు కూడా కొనక్కర్లేదు. కాగితం నలుచదరంగా ఉంటే చాలు, పేపర్లో వచ్చే ప్రకటనల కాగితమైనా సరే.

“జపాన్ పిల్లలు ఆటలో కూడా క్రమశిక్షణగా ఉంటారు.” ఎవరన్నారో గానీ బేగోమా చూసినట్టు లేదు. బక్కెట్ మీద గుడ్డ బిగించి కట్టి, దాని మీద చిన్న పోత ఇనుప బొంగరాలు తిప్పుతారు. ఎవరిది బయట పడితే అది గెలిచినవాడి జేబులోకి. గెలవాలని వాటిని అరగదీసేవాళ్లు కూడా. అట్టబిళ్లలు నేలకేసి కొట్టి అవతలివాడి బిళ్లని తిప్పేసే మెన్‌కోలోనూ అంతే. జూదమని బడుల్లో వద్దన్నారు. పిల్లలు బడి బయట ఆడారు.

“కాగోమె కాగోమె పాట వెనక హత్యలు, శాపాలు ఉన్నాయి.” పిల్లలు పాడుతూ ఆడే ఆట గురించి ఇలా చెప్పే వీడియో నాకు ఇంకోసారి పంపితే బ్లాక్ చేస్తా. మధ్యలో ఒకరు కళ్లు మూసుకుని కూర్చుంటారు, చుట్టూ పిల్లలు తిరుగుతారు, పాట ఆగాక వెనకున్నది ఎవరో చెప్పాలి. ఆట ఇంతే. పాట ఎడో కాలం (1603-1868) నాటిది, ప్రాంతాన్ని బట్టి మాటలు మారతాయి, అర్థం ఇదీ అని ఎవరూ తేల్చలేదు. ఆ ఖాళీలో దెయ్యాల్ని కూర్చోబెట్టారు. ఒకమ్మాయి తల్లి భయపడి కూతుర్ని ఆటలోంచి లేపేసింది. ఆవిడ్ని ఏమీ అనను, ఆ వీడియో చేసినవాడినే అంటాను.

“మట్టి ఉండలు చేస్తే జబ్బు చేస్తుంది.” చేతులు కడిగించండి. బట్టలు పాతవి వేయండి.

ఇప్పుడు రావాలనుకునేవాళ్లకి: జిదోకాన్‌లో ఆడుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలెవరైనా రావచ్చు. బడికి వెళ్లని వయసైతే పెద్దవాళ్లు తోడుండాలి. మొదటిసారి పేరు, ఫోన్ నంబరు రాసిస్తే చాలు. కాగితం జపనీస్‌లో ఉంటే కౌంటర్లో అడగండి, మేం నింపిస్తాం. నీళ్ల సీసా, టోపీ, ఒక జత అదనపు సాక్సులు పెట్టండి. ఇంట్లో జాన్‌కెన్ ఒక్కటి నేర్పి పంపండి. మీకు మరీ బెరుకైతే జనవరి మొదట్లో రండి. కొత్త సంవత్సరం ఆటలని గాలిపటాలు, బొంగరాలు, చెక్క బ్యాట్లతో ఈకల బంతిని కొట్టే హనెత్సుకి, కళ్లకి గంతలు కట్టి కాగితం ముఖానికి కళ్లూ ముక్కూ అతికించే ఫుకువరాయి అన్నీ బయటికి తీస్తాం. హనెత్సుకిలో ఓడితే ముఖానికి సిరా పూస్తారు. అమ్మలక్కూడా పూస్తాం.