తెలుగు పాఠాన్ని ఫోన్ ఎందుకు చదవలేకపోతోంది?

చూపు లేని ఒక పిల్లవాడు తెలుగు పాఠం పీడీఎఫ్‌ను ఫోన్‌లో తెరిచాడనుకుందాం. పేజీ నిండా చక్కటి తెలుగు అక్షరాలే ఉంటాయి. పైకి చదవమంటే మాత్రం ఫోన్ పొంతన లేని ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, స్లాష్‌లు వల్లిస్తుంది. అదే పిల్లవాడి ఇంగ్లిష్ పుస్తకాన్ని అదే ఫోన్ గడగడా చదివేస్తుంది. ఫోన్‌లో లోపమేమీ లేదు. తెలుగు పుస్తకాల విషయంలో చాలాసార్లు ఇలా జరగడానికి కారణం తెలియాలంటే వేలితో తడిమి చదివే బ్రెయిలీ లిపి నాటి నుంచి చెప్పుకు రావాలి.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో బ్రెయిలీ ఉంది, కానీ ఒక్కో ప్రాంతానిది ఒక్కో పద్ధతి. 1951లో భారతీ బ్రెయిలీ ఖరారయ్యాక ఆ చిక్కు తీరింది. భాష ఏదైనా ఒకే ధ్వనికి ఒకే చుక్కలు. తెలుగు ‘క’కైనా, హిందీ ‘క’కైనా ఆరు చుక్కల్లో ఒకటోది, మూడోది ఉబికి ఉంటాయి. గుణింతం కూడా సులువే. ‘కి’ రాయాలంటే ముందు క, దాని పక్కన ఇ. గుడి పైన పెట్టాలా, ఒత్తు కింద పెట్టాలా అన్న బాధ లేదు, అంతా ఒకే వరస. వేలితో చదివే పిల్లలకు ఇంత నికరమైన తెలుగు అందడం చిన్న విషయం కాదు. అదే ఏడాది డెహ్రాడూన్‌లో కేంద్ర బ్రెయిలీ ముద్రణాలయం మొదలైంది. చిక్కల్లా పరిమాణంతోనే. సంచిలో పట్టే పాఠ్యపుస్తకం బ్రెయిలీలో కొన్ని లావుపాటి సంపుటాలవుతుంది. అచ్చు వేయడానికి ఖర్చు, మోయడానికి కష్టం. విద్యా సంవత్సరం మొదలయ్యేనాటికి పుస్తకం చేతికి రాకపోతే పిల్లలు ఎవరో చదివిపెడితే వినాల్సిందే.

ఆ తర్వాతి పథకాలు ఎక్కువగా వస్తువుల చుట్టూ తిరిగాయి. 1972లో కాన్పూర్ కేంద్రంగా, వికలాంగులకు ఉపకరణాలు తయారుచేసే అలింకో సంస్థ ఏర్పడింది. 1974లో వికలాంగ పిల్లల్ని మామూలు బడుల్లో చేర్చే కేంద్ర పథకం, 1981లో ఉపకరణాలు ఇచ్చే అడిప్ పథకం వచ్చాయి. ట్రైసైకిళ్లు, కాలిపర్లు, వినికిడి యంత్రాలు, బ్రెయిలీ పలకలు పంచారు. అవి అవసరమైనవే, ఎందరికో మేలు చేశాయి. కానీ సాయం అంటే శిబిరం పెట్టి చేతికిచ్చే వస్తువు అన్న ఆలోచన అలాగే స్థిరపడిపోయింది. ఆ వస్తువుతో చదవాల్సిన పుస్తకం ఎక్కడుందన్న ప్రశ్న వెనకబడింది. నా దృష్టిలో ఇప్పటి ఇబ్బందికి మూలం అదే.

కంప్యూటర్లు వచ్చాక తెర మీది రాతను మాటగా మార్చే స్క్రీన్ రీడర్లు వచ్చాయి. విండోస్‌లో పనిచేసే జాస్ 1995లో విడుదలైంది. దాని ధర మామూలు కుటుంబాలకు అందేది కాదు. 2006లో ఆస్ట్రేలియాలో చూపు లేని యువకుడు మైఖేల్ కరన్ ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ మొదలుపెట్టి దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చాడు. దానితో వాడే ఈ-స్పీక్ గొంతు తెలుగు కూడా పలుకుతుంది. కాస్త యంత్రంలా మోగుతుంది గానీ, అలవాటైతే అర్థమవుతుంది.

ఇక్కడే ఫాంటు గొడవ మొదలైంది. ప్రతి భాష అక్షరాలకూ కంప్యూటర్‌లో సొంత సంఖ్యలిచ్చే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగుకు 1991 నుంచే చోటుంది. విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు కూడా వచ్చింది. కానీ మన డీటీపీ సెంటర్లు, అచ్చు పని అప్పటికే అను వంటి పాత తరహా ఫాంట్లకు అలవాటు పడ్డాయి. ఆ ఫాంట్లలో కంప్యూటర్ దృష్టికి ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలే. వాటికి తెలుగు బొమ్మలు తొడిగారు. తలకట్టు ఒక మీట, కొమ్ము ఒక మీట, ఒత్తు మరొకటి. కళ్లకు ‘అమ్మ’ కనిపిస్తుంది, ఫైల్ లోపల ఏవో రెండు మూడు ఇంగ్లిష్ గుర్తులుంటాయి. స్క్రీన్ రీడర్‌కు కళ్లు లేవు, అది లోపలున్నదే చదువుతుంది. కాగితం మీద అచ్చేసినంత కాలం దీని వల్ల నష్టం కనబడలేదు. అవే ఫైళ్లను పీడీఎఫ్‌లుగా పెట్టినప్పుడు చూపు లేని పిల్లలు అందరికన్నా ఎక్కువ నష్టపోయారు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి గానీ ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి. ఎవరో ఒకరు కూర్చుని దిద్దాలి.

చట్టం వైపు నుంచి కూడా అడ్డు ఉండేది. ప్రచురణకర్త ఒప్పుకోనిదే పుస్తకాన్ని ఆడియోగానో బ్రెయిలీగానో మార్చడం కాపీరైట్ ఉల్లంఘన అయ్యే ప్రమాదం ఉండేది. 2012 సవరణ ఆ భయం తీసేసింది. చూపు లేనివారి కోసం పుస్తకాలను ఇలా మార్చుకోనిచ్చే అంతర్జాతీయ మరాకేష్ ఒప్పందం 2013లో కుదిరితే, 2014 జూన్‌లో దాన్ని అందరికన్నా ముందు ఆమోదించిన దేశం మనదే. ఇది గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి. 2016లో అలా మార్చిన పుస్తకాల కోసం సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం వచ్చింది.

పుస్తకం చెవికి అందితే ఏమవుతుందో మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా జీవితం చూస్తే తెలుస్తుంది. పది పాసయ్యాక ఇంటర్‌లో సైన్స్ చదువుతానంటే చూపు లేనివారికి నిబంధనలు ఒప్పుకోవన్నారు. ఆయన కోర్టుకెళ్లి గెలిచారు, పాఠాలు ఆడియోగా మార్పించుకుని చదివారు, 98 శాతం మార్కులు తెచ్చుకున్నారు, ఆపైన అమెరికాలో ఎంఐటీకి వెళ్లారు. ఆ ఆడియో వెనక ఎవరి శ్రమో, ఎవరి పూనికో ఉంది. ఆ పూనిక దొరకని పిల్లల సంగతి ఏమిటన్నదే నా బాధ.

2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న వికలాంగుల హక్కుల చట్టంలో 17వ సెక్షన్, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్ల దాకా పుస్తకాలు, బోధన సామగ్రి, తగిన ఉపకరణాలు ఉచితంగా ఇవ్వాలంటుంది. పుస్తకాలు, ఉపకరణాలు రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల టీచర్లు ఇప్పటికీ పాఠాలు తామే చదివి రికార్డు చేసిపెట్టాల్సి వస్తే, ఆ వాక్యంలో సగమే అమలైనట్టు.

మీ పిల్లల బడి పీడీఎఫ్ ఎలాంటిదో తెలుసుకోవడానికి నిమిషం చాలు. తెలుగు పాఠంలో ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు వస్తే స్క్రీన్ రీడర్‌కు అందే రాత అందులో ఉన్నట్టే. ఇంగ్లిష్ అక్షరాలో, గళ్లో వచ్చినా, అసలు కాపీయే కాకపోయినా, ఆ స్క్రీన్‌షాట్ తీసి హెడ్మాస్టర్‌కు చూపించండి. యూనికోడ్ ఫైల్ ఇవ్వమని పై ఆఫీసుకు రాయమని అడగండి.