కాపురం నిలబెట్టడమే సేవా?

భార్యను వేధించిన భర్త మీద, అతని తరఫు వాళ్ల మీద పెట్టే కేసును మనం ఇప్పటికీ 498ఏ అనే అంటాం. 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో అది సెక్షన్ 85 అయింది కానీ పాత అంకె నోట్లోంచి పోలేదు. 2025 జులై 22న సుప్రీంకోర్టు ఒక భార్యాభర్తల వివాదాన్ని ముగిస్తూ ఈ సెక్షన్ గురించి కూడా ఒక మాట చెప్పింది. అలహాబాద్ హైకోర్టు 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు కొనసాగాలని, అధికారులు వాటిని అమలు చేయాలని. వాటి ప్రకారం ఫిర్యాదు నమోదయ్యాక రెండు నెలల పాటు అరెస్టులు ఉండవు. హత్యాయత్నం లాంటి పెద్ద సెక్షన్లు లేని కేసైతే ముందు జిల్లాలోని కుటుంబ సంక్షేమ కమిటీకి వెళ్తుంది. కమిటీ రెండు వైపుల వాళ్లనూ, పెద్దలతో సహా, కూర్చోబెట్టి మాట్లాడుతుంది.

కమిటీలో ఎవరుండొచ్చో కూడా అందులోనే రాశారు. యువ మధ్యవర్తులు, లా చదువుతున్న విద్యార్థులు, పేరున్న సోషల్ వర్కర్లు, రిటైరైన జడ్జీలు, జిల్లాలోని పెద్ద అధికారుల చదువుకున్న భార్యలు. ఆ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. దెబ్బలు తిన్న మనిషి గోడు వినడానికి పెద్ద అధికారి భార్య కావడం ఎట్లా అర్హత అయింది? ఈ పని చేసినందుకు జీతం కూడా ఉండదు. ఉచితంగా చేయాలి, లేదా నామమాత్రపు గౌరవ వేతనం. స్త్రీ సంక్షేమం అంటే పెద్దింటి ఆడవాళ్లు తీరిక వేళల్లో చేసే మంచిపని అనే ఆలోచనకు మన దగ్గర చాలా పాత వేళ్లున్నాయి.

1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన మొదటి వితంతు వివాహం జరిపించారు. చట్టం 1856లోనే వచ్చింది, ఇక్కడ పెళ్లి జరగడానికి మరో పాతికేళ్లు పట్టింది. పాఠ్యపుస్తకంలో కథ ఇంతటితో అయిపోతుంది. నాకు మాత్రం ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గుర్తొస్తారు. ఊరు వెలివేసింది. వంటవాళ్లు మానేశారు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు. ఆమే గోదావరికి వెళ్లి నీళ్లు మోసుకొచ్చి, వండి వడ్డించారు. ఇంటికి చేరిన వితంతు పిల్లలకు తల్లిలా నిలబడ్డారు. తెలుగునాట తొలి సోషల్ వర్కర్ ఎవరని ఎవరైనా అడిగితే నేను ఆమె పేరే చెబుతాను.

అయితే ఆ ఉద్యమం ఆడపిల్లకు చూపించిన దారి ఒక్కటే, మరో పెళ్లి. ఒక ఇల్లు పోయింది కాబట్టి ఇంకో ఇంట్లో చేర్చడం. తలకు గుడ్డ చుట్టి మూల కూర్చోబెట్టిన కాలంలో అది ఎంత తెగువో ఊహించడం కూడా కష్టం. తప్పుపట్టడం లేదు. కానీ కష్టం చేసుకుని బతికే చాలా కులాల్లో మారుమనువు అప్పటికే మామూలు విషయం. అంటే ఆ రోజుల్లో 'స్త్రీల సమస్య' అని పేరు పెట్టుకున్నది నిజానికి కొన్ని కులాల ఇళ్లలోని స్త్రీల సమస్య. పొలంలో కూలి తగ్గించి ఇస్తే అడగలేని మనిషి గురించి ఆ సభల్లో మాట్లాడినవాళ్లు తక్కువ. 1902లో బందరులో బృందావన స్త్రీల సమాజం పెట్టిన భండారు అచ్చమాంబ ఒక అడుగు ముందుకేశారు. మగవాళ్లు వచ్చి ఉద్ధరించడం కాదు, ఆడవాళ్లే ఒకచోట కూడాలన్నారు, అందుకోసం ఊళ్లు తిరిగారు. ముప్పై ఏళ్లు నిండీ నిండగానే చనిపోయారు.

ఉద్ధరణ అనే మాటలో ఉన్న చిక్కు దేవదాసీల విషయంలో బయటపడింది. 1927లో మద్రాసు శాసనమండలిలో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి ఈ ఆచారాన్ని రద్దు చేయాలని తీర్మానం పెట్టారు. దోపిడీని ఆమె కళ్లారా చూశారు, ఆమె కోపంలో నిజాయితీ ఉంది. కానీ దేవదాసీ కుటుంబంలో పుట్టిన గాయని బెంగళూరు నాగరత్నమ్మ లాంటివాళ్లు ఎదురు తిరిగారు. మా ఆస్తి హక్కు, మా కళ, మా బతుకు మీద చట్టం చేస్తూ మమ్మల్ని ఒక్కమాట అడిగారా అన్నది వాళ్ల బాధ. చట్టం 1947లో వచ్చింది. గోదావరి జిల్లాల్లో ఆటపాటలే వృత్తిగా ఉన్న కళావంతుల కుటుంబాలకు దాంతో మంచీ జరిగింది, చెడూ జరిగింది. ఒక తరం ఆడవాళ్లు చదువుల్లోకి వెళ్లారు. ఆటపాటలతో బతికిన పెద్దవాళ్లు మాత్రం చెప్పుకోవడానికి ఒక వృత్తి లేకుండా మిగిలారు. ముత్తులక్ష్మి, నాగరత్నమ్మ ఇద్దరి మాటా నిజమే, ఇవాళ స్త్రీవాదులు ఎక్కువగా ఆగి ఆలోచించేది ఇక్కడే. కాపాడబోయే మనిషిని అడగకుండా చేసిన సాయం ఆమెకు ఎంత దూరం సాయం అవుతుంది?

ఈ చరిత్రలో నేను ఎక్కువగా ప్రేమించే మనిషి దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు, ఊహ వచ్చాక ఆ పెళ్లిని కాదన్నారు. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర నిలబడి, టికెట్ లేదని నెహ్రూనే ఆపేసిన పిల్ల ఆమే. ఈ కథ అందరికీ తెలుసు. తక్కువ మందికి తెలిసింది ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లిన తర్వాతి సంగతి. అక్కడ శిక్షలు అనుభవిస్తున్న పేద ఆడవాళ్లను ఆమె దగ్గరగా చూశారు. తమ మీద పెట్టిన కేసేమిటో కూడా చాలామందికి తెలియదు. తమ తరఫున ఏం చెప్పుకోవాలో తెలియదు. జాలి పడి ఊరుకోకుండా, బయటకు వచ్చాక మెట్రిక్ దగ్గర మొదలుపెట్టి చదివి లాయరయ్యారు. 1937లో మద్రాసులో మొలకెత్తిన ఆంధ్ర మహిళా సభ మొదట్లో చేసిన పెద్ద పని కూడా అదే. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లను కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టడం.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే ఆమే మొదటి అధ్యక్షురాలు. 1958లో ఆ బోర్డు పెద్ద వయసు ఆడవాళ్ల కోసం సంక్షిప్త చదువుల కోర్సులు పెట్టింది. భర్త వదిలేసినవాళ్లు, చిన్నప్పుడే భర్త పోయినవాళ్లు, పదేళ్ల చదువును రెండు మూడేళ్లలో ముగించి టీచర్లుగా, గ్రామసేవికలుగా, నర్సులుగా బయటకు వచ్చారు. వితంతువుకు పెళ్లి కాదు, ఉద్యోగం. రాజమండ్రి నుంచి చూస్తే ఇది చాలా పెద్ద దూరం. లోపమూ ఉంది. బోర్డు డబ్బు స్వచ్ఛంద సంస్థల చేతుల మీదుగా వెళ్లేది. వాటిని నడిపేవాళ్లు ఎక్కువగా ఊళ్లోని చదువుకున్న, కలిగిన ఇళ్ల ఆడవాళ్లు. కుట్టు మిషను, బాలవాడి, పచ్చళ్ల తయారీ. ఇచ్చే చేయి పైన, తీసుకునే చేయి కింద. మొగుడు ఎందుకు కొడుతున్నాడు, కూలి ఎందుకు సగమే ఇస్తున్నారు అని అక్కడ అడిగే వీలు ఉండేది కాదు.

సంక్షేమ పథకాలతో ఆడవాళ్ల బతుకు బాగుపడుతోందన్న నమ్మకాన్ని కుదిపింది 1974 చివర్లో వచ్చిన ఒక నివేదిక. స్త్రీల స్థితిగతులపై కేంద్రం వేసిన కమిటీ, ఫూల్‌రేణు గుహ అధ్యక్షురాలిగా, వీణా మజుందార్ కార్యదర్శిగా దేశమంతా తిరిగింది. 1901లో వెయ్యి మంది మగవాళ్లకు 972 మంది ఆడవాళ్లుంటే, 1971 నాటికి 930కి పడిపోయారని చూపించింది. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయ్యాక, ఇన్ని సంక్షేమ పథకాలు నడిచాక, ఆడవాళ్లు లెక్కలోంచే తగ్గిపోతున్నారు. ఆరో పంచవర్ష ప్రణాళికలో మొదటిసారి స్త్రీలకు, అభివృద్ధికి కలిపి ఒక అధ్యాయం పెట్టడానికి ఈ నివేదికే కారణం.

కాగితం మీద ఇది జరుగుతుంటే హైదరాబాద్ రోడ్ల మీద ఇంకోటి జరిగింది. 1978 మార్చిలో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక పేద ముస్లిం స్త్రీ మీద అత్యాచారం, రిక్షా తొక్కే ఆమె భర్తను కొడితే ప్రాణం పోవడం, నగరం భగ్గుమనడం. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కమిషన్ ముందు మాత్రం ఆమె నడవడి మీద, ఆమె పెళ్లిళ్ల మీద ప్రశ్నలు. కేసు రాయచూరుకు బదిలీ అయి 1981లో పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. అప్పటికే ఉస్మానియా విద్యార్థినుల ప్రగతిశీల మహిళా సంఘం ఉంది, ఆ తర్వాత స్త్రీ శక్తి సంఘటన వచ్చింది. స్టవ్ పేలి చనిపోయిందన్న కోడళ్ల ఇళ్ల ముందు నిలబడి అది ప్రమాదం కాదని అరిచింది ఇలాంటి సంఘాల వాళ్లే. ఆ అరుపుల ఫలితమే 1983లో వచ్చిన 498ఏ. అది సంక్షేమ శాఖ ఇచ్చిన పథకం కాదు.

సోషల్ వర్క్ చదువుల్లోనూ ఆ కాలంలోనే ఒక మార్పు మొదలైంది. 1984లో ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పోలీస్ కమిషనర్ ఆఫీసులోనే ఆడవాళ్ల కోసం స్పెషల్ సెల్ పెట్టారు. శిక్షణ పొందిన సోషల్ వర్కర్లు అక్కడ కూర్చునేవాళ్లు. వచ్చిన మనిషి చెప్పింది ముందు నమ్మాలి. ఆమె ముందున్న దారులన్నీ చెప్పాలి. ఎంచుకునేది ఆమె. చదివితే చాలా మామూలు మాటల్లా ఉంటాయి. అప్పటిదాకా మనకున్న పద్ధతి పెద్దమనుషుల పంచాయితీ. అక్కడ అమ్మాయి తరఫున మాట్లాడేది నాన్నో అన్నో, చివరికి 'సర్దుకుపోమ్మా, పిల్లల మొహం చూడు' అని పంపేయడం. చాలా కౌన్సెలింగ్ సెంటర్లకూ అదే అలవాటు అంటుకుంది. రాజీ కుదిరి ఆమె తిరిగి వెళ్తే మంచి కేసు, విడిపోతే ఓడిపోయినట్టు. వెళ్లిన తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో ఆరు నెలలకో ఏడాదికో వెళ్లి చూసేవాళ్లు ఎంతమంది?

పల్లెలో మాత్రం ఎవరూ నేర్పకుండానే ఆడవాళ్లు ఈ పని చేసి చూపించారు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్న రోజులు. రాత్రి బడిలో తాగుడు గురించిన పాఠం చదివి, తమ కథే పుస్తకంలో ఉందని గుర్తుపట్టారు. దూబగుంటలో రోశమ్మ, ఆమెతో పాటు మిగతా ఆడవాళ్లు, సారాను ఊళ్లోకి రానివ్వలేదు. 1992లో జిల్లా అంతా అంటుకుంది. సారా వేలం పాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం కూడా వచ్చింది. ఇంట్లో తిన్న దెబ్బకు, ప్రభుత్వ ఆబ్కారీ ఆదాయానికి ఉన్న లంకెను ఆ ఆడవాళ్లు ఏ సిద్ధాంత గ్రంథం చదవకుండానే పట్టుకున్నారు. ఒక్కొక్క ఇంట్లో కౌన్సెలింగ్ ఇచ్చినా జన్మలో తేలని సంగతి అది.

ప్రభుత్వం వాళ్ల ఐక్యతను తీసుకుంది, వాళ్ల ప్రశ్నను వదిలేసింది. 1997లో సంపూర్ణ మద్య నిషేధం ఎత్తేశారు. సారా మీద కూడిన సంఘాలనేమో పొదుపు సంఘాలుగా మార్చారు. రోజుకో రూపాయి, పొదుపు లక్ష్మి, తర్వాత రాష్ట్రమంతా డ్వాక్రా. ఈ పథకం 1982లోనే ఉంది. బీదరిక నిర్మూలన రుణాలు ఆడవాళ్ల దాకా చేరడం లేదని కేంద్రం పెట్టింది. మన దగ్గర అది ఇంటి మాట అయిపోయింది. బ్యాంకు గుమ్మం ఎక్కని ఆడవాళ్లు మేనేజర్ ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు, సంతకం పెట్టారు, సర్పంచులయ్యారు. దీన్ని తక్కువ చేయలేను. కానీ అప్పు కూడా ఆడమనిషి పేరు మీదికి వచ్చింది. మైక్రో ఫైనాన్స్ కంపెనీలు అదే గుంపు పూచీని వాడుకున్నాయి. కిస్తీ కట్టలేని అక్క ఇంటి ముందు సంఘంలోని మిగతా అక్కలే కూర్చోవాల్సిన రోజులొచ్చాయి. అప్పు కట్టలేనివాళ్ల ఆత్మహత్యల తర్వాత 2010 అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆ కంపెనీలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది.

సంక్షేమాన్ని ఇంటింటికీ మోసేదీ ఆడవాళ్లే. 1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో మొదలైన ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీలను నడిపే పథకం, ఇవాళ దేశమంతా ఉంది. అంగన్‌వాడీ టీచర్‌కు, ఆయాకు వచ్చేదాన్ని మాత్రం ఇప్పటికీ జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. వాళ్లకూ గ్రాట్యుటీ వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2023 డిసెంబర్ 12న ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు సమ్మెకు దిగితే 42 రోజులు నడిచింది, మధ్యలో సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం కూడా పెట్టారు. ఆడవాళ్లకు సేవ సహజ గుణం అన్నప్పుడు దానికి వేతనం ఎందుకనే ప్రశ్న పుడుతుంది. అధికారుల భార్యలను ఉచితంగా కమిటీల్లో కూర్చోమన్నదీ, అంగన్‌వాడీ టీచర్‌కు జీతం వద్దన్నదీ ఒకే నమ్మకం.

మళ్లీ 498ఏ దగ్గరికి. ముసలి అత్తమామలను, ఎక్కడో ఉన్న ఆడబిడ్డలను కూడా కేసుల్లో ఇరికిస్తున్నారన్న ఫిర్యాదు ఉంది, కొన్ని కేసుల్లో అది నిజం కూడా. అందుకే 2014లో సుప్రీంకోర్టు అవసరం లేనిదే అరెస్టు చేయొద్దని పోలీసులను కట్టడి చేసింది. 2017 జులైలో ఇలాంటి కుటుంబ సంక్షేమ కమిటీలే పెట్టమంది, మహిళా సంఘాలు గట్టిగా అడ్డుచెప్పాయి. 2018 సెప్టెంబర్‌లో ముగ్గురు జడ్జీల బెంచి, చట్టంలో లేని కమిటీలను కోర్టు పుట్టించడం సరికాదని వాటిని తీసేసింది. ఏడేళ్లకు అవి మళ్లీ తలుపు తట్టాయి.

మాట్లాడుకోవడమే వద్దని స్త్రీవాదులు ఎప్పుడూ అనలేదు. ఎలా మాట్లాడాలో ఎప్పుడో రాసి పెట్టారు కూడా. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. దాని నియమాల్లో కౌన్సెలింగ్ గురించి చాలా స్పష్టంగా ఉంది. కౌన్సెలింగ్ ముందుగా సాధించాల్సింది హింస మళ్లీ జరగదన్న హామీ. కొట్టినవాడు 'ఆమె ఇలా చేసింది కాబట్టి కొట్టాను' అని సమర్థించుకోవడానికి అక్కడ వీల్లేదు. రాజీ ప్రయత్నం ఆమె కోరుకుంటేనే. అప్పటి నుంచీ ఈ నియమం పుస్తకంలో ఉంది. ఏ జిల్లాలోనైనా కొత్త కమిటీ కూర్చుంటే, వాళ్లకు మొదటి రోజు చదివి వినిపించాల్సింది ఇదే.