సూది దిగిన నిమిషం నుంచే పరుగు: రక్తంలో సి విటమిన్‌ను కొలవడం

బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసినవాళ్లకు ఆ నీలం రంగు బ్యూరెట్టు గుర్తుండే ఉంటుంది. కింద ఫ్లాస్కులో నిమ్మరసం, పైన డి.సి.పి.ఐ.పి. అనే రంగు ద్రావణం. నీలం చుక్క పులుపులో పడగానే గులాబీ రంగుకు మారి, ఫ్లాస్కు తిప్పేలోపే మాయమైపోతుంది. ఇంకో చుక్క, అదీ మాయం. చివరికి ఒక చుక్క దగ్గర లేత గులాబీ రంగు పోకుండా నిలబడుతుంది. రసంలో సి విటమిన్ అయిపోయిందన్నమాట.

సి విటమిన్ అసలు పేరు ఆస్కార్బిక్ ఆమ్లం. అడిగినవాళ్లకల్లా ఎలక్ట్రాన్లు ఇచ్చేసే గుణం దానిది. రంగును మాయం చేసేదీ ఆ గుణమే, మన ఒంట్లో మేలు చేసేదీ అదే. రక్తంలో దాన్ని కొలవబోతే ఏడిపించేదీ అదే. సూదితో రక్తం తీసిన క్షణం నుంచి గాలిలోని ఆక్సిజన్‌కూ, ఇనుము, రాగి అయాన్లకూ ఎలక్ట్రాన్లు పంచిపెడుతూ డీహైడ్రోఆస్కార్బిక్ ఆమ్లంగా మారిపోతుంది. అది శరీర ఉష్ణోగ్రత దగ్గర నిమిషాల్లోనే విడిపోయి డైకీటోగులోనిక్ ఆమ్లం అవుతుంది. ఇక అది విటమిన్ కాదు, మళ్లీ కాలేదు.

ల్యాబ్‌లో కొత్తగా చేరిన రోజుల్లో ఒకసారి ఒకే మనిషి రక్తం రెండు ట్యూబుల్లో వచ్చింది. ఒకటి ఐస్‌లో పెట్టాం, రెండోది సాయంత్రం దాకా బల్ల మీదే ఉండిపోయింది. రెండో దాంట్లో విలువ బాగా తక్కువ వచ్చింది. అది చూసి రిపోర్టు ఇచ్చి ఉంటే ఆ మనిషికి లేని లోపాన్ని అంటగట్టేవాళ్లం.

అందుకే ట్యూబును ఐస్‌లో పెట్టి, వెలుతురు తగలకుండా తెచ్చి, చల్లగానే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. పైకి తేలిన పసుపు ప్లాస్మాలో మెటాఫాస్ఫారిక్ ఆమ్లం పోస్తే ప్రోటీన్లు పాలు విరిగినట్టు తెల్లగా గడ్డకడతాయి. ఇనుము, రాగిని పట్టి ఉంచడానికి ఇంకో రసాయనం కలుపుతారు. మళ్లీ తిప్పి, పైన తేరిన నీటిని మైనస్ 70 డిగ్రీల ఫ్రీజర్‌లో దాస్తారు. ఎర్ర కణాలు పగిలి ప్లాస్మా ఎర్రబడితే ఆ నమూనాను నమ్మలేం.

పాత పద్ధతుల లోపం వేరు. నీలం రంగు ఎలక్ట్రాన్లు ఎవరిచ్చినా తీసుకుంటుంది, విటమినా కాదా అని చూడదు. ఉసిరికాయలో సి విటమిన్ ఎంతన్న దానిమీద అంత వాదన నడవడానికి అందులోని టానిన్లనే వగరు పదార్థాలూ ఒక కారణం, అవీ ఎలక్ట్రాన్లు ఇస్తాయి. 1943లో రో, క్యూథర్ అనే శాస్త్రవేత్తలు తెచ్చిన పద్ధతి విటమిన్ మొత్తాన్నీ ముందే ఆక్సీకరించి ఎరుపు రంగుగా మార్చి కొలుస్తుంది. అయితే అందులో పాడైపోయిన డైకీటోగులోనిక్ ఆమ్లం కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. నిల్వ ఉన్న నమూనాకు అది మరీ ప్రమాదం.

ఇప్పుడు నమ్మదగినది హెచ్.పి.ఎల్.సి., అంటే హై పెర్ఫార్మెన్స్ లిక్విడ్ క్రొమటోగ్రఫీ. సన్నటి రేణువులు దట్టంగా కూరిన గొట్టంలోంచి (దీన్నే కాలమ్ అంటారు) నమూనాను ఒత్తిడితో పంపితే ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి బయటికొస్తుంది. చివర ఉన్న ఎలక్ట్రోడ్ ఆస్కార్బిక్ ఆమ్లం నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుని, ఆ కరెంటును బట్టి ఎంతుందో చెబుతుంది. ఆహారంలో నిల్వ కోసం వాడే ఎరిథార్బిక్ ఆమ్లం బరువులోనూ, పరమాణువుల లెక్కలోనూ దీనికి కవల లాంటిదే. విటమిన్‌గా మాత్రం చాలా బలహీనం. ఈ రెంటినీ విడదీయడం పరీక్ష గొట్టంలో రంగుకు చేతకాదు, తగిన కాలమ్‌కు చేతనవుతుంది.

డీహైడ్రో రూపాన్ని నేరుగా పట్టుకోవడం కష్టం. నమూనాను ఒకసారి ఉన్నదున్నట్టు, ఇంకోసారి దాన్ని తిరిగి ఆస్కార్బిక్‌గా మార్చి కొలిచి, తేడా తీస్తారు. తాజా రక్తంలో ఆ తేడా చాలా చిన్నది. ఎక్కువ వచ్చిందంటే నా అనుమానం ముందు నమూనా మీదికే పోతుంది.

ఇంత శ్రమ ఎందుకంటే గీత సన్నగా ఉంటుంది కాబట్టి. లీటరు ప్లాస్మాలో 11 మైక్రోమోల్స్ కంటే తక్కువుంటే, అంటే డెసిలీటరుకు సుమారు 0.2 మిల్లీగ్రాములు, స్కర్వీ వచ్చేంత లోపం. కడుపునిండా పళ్లు, కూరలు తినేవాళ్లలో 60, 70 మైక్రోమోల్స్ దాకా ఉంటుంది. 1996లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికాలో మార్క్ లెవీన్ బృందం ఏడుగురు యువకులను నెలల తరబడి ఆసుపత్రిలోనే ఉంచి, మోతాదులు పెంచుతూ ఇలాగే కొలిచింది. రోజుకు 100 మిల్లీగ్రాములతోనే తెల్ల రక్తకణాలు సి విటమిన్‌తో నిండిపోయాయని తేలింది.

ఎవరి రిపోర్టులోనైనా 5 మైక్రోమోల్స్ అని కనబడితే నేను ముందు రక్తం తీసినవాళ్లకు ఫోన్ చేస్తాను. ట్యూబు ఐస్‌లో ఎప్పుడు పెట్టారని అడుగుతాను.