చావీ తీసేసి ఉంది కదా, పంఖా పట్టుకుంటే ఏమైతది? పిస్టన్ విమాన ఇంజన్ల మీద అపోహలు, వాస్తవాలు

ట్రైనింగ్ విమానాల ఇంజన్లు విప్పి బిగించే పని నాది. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా బల్లార్షాలో, రాజురాలో మనవాళ్లకి ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి రెండే కోరికలు. ఒకటి, విమానం దగ్గరికి తీసుకెళ్లమని. రెండోది, తీసుకెళ్లాక, ముందుండే పంఖా, అదే ప్రొపెల్లర్, మీద చెయ్యేసి ఫొటో దిగుతామని. మోర్వా ఎయిర్‌స్ట్రిప్ మీద చిన్న విమానాలు తిరగడం మొదలయ్యాక చంద్రపూర్ చుట్టుపక్కల ఈ సరదా మరీ ముదిరింది. "కాకా, చెయ్యి తియ్యి" అంటే, "అరే బాబూ, చావీ నీ జేబులనే ఉంది కదా, ఏమైతది?" అని నవ్వుతారు. చదువుకున్నవాళ్లూ ఇదే మాట, పైలట్ కోర్సులో చేరి వారం కాని పిల్లలూ ఇదే మాట. అందుకే ఈ ఒక్కదాని గురించే వివరంగా చెప్తాను, మిగతావి గబగబా.

అపోహ: తాళం తీసేస్తే ఇంజన్ చచ్చినట్టే.

కారుకి నిజమే. తాళం తిప్పితే కరెంటు ఆగుతుంది, కరెంటు ఆగితే స్పార్క్ ఆగుతుంది. సెస్నా 172 లాంటి విమానాల్లో ఉండే లైకమింగ్ ఇంజన్‌లో స్పార్క్‌కి బ్యాటరీతో సంబంధమే లేదు. ఇంజన్ వెనకవైపు రెండు మ్యాగ్నెటోలు ఉంటాయి. క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) తిరిగితే గేర్ల మీదుగా అవీ తిరుగుతాయి, లోపలి అయస్కాంతం తిరుగుతూ కరెంటు అక్కడికక్కడే పుట్టిస్తుంది. ప్రతి సిలిండర్‌కీ రెండు ప్లగ్గులు, ఒకటి ఈ మ్యాగ్నెటోకి, ఒకటి ఆ మ్యాగ్నెటోకి. గాల్లో బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ పోయినా, బ్యాటరీ చచ్చినా ఇంజన్ నడుస్తూనే ఉండాలి కాబట్టి ఈ ఏర్పాటు.

మన పత్తి చేలల్లో మందు కొట్టే పెట్రోల్ పవర్ స్ప్రేయర్ చూడండి. తాడు లాగితే స్టార్ట్ అవుతుంది, బ్యాటరీ ఎక్కడుంది అందులో? ఆపే బటన్ నొక్కితే ఆ స్పార్క్ కరెంటు ఇంజన్ బాడీకి ఎర్త్ అయిపోతుంది, ఇంజన్ ఆగుతుంది. ఆ బటన్ వైరు తెగిందనుకోండి, వేలు నొప్పెట్టేదాకా నొక్కినా ఆగదు. విమానంలో ఉన్నదీ ఇదే పద్ధతి. తాళం ఆఫ్‌లో పెడితే పి-లీడ్ అనే సన్నటి వైరు మీదుగా మ్యాగ్నెటో ఎర్త్ అవుతుంది. ఆ వైరు తెగినా, స్విచ్ లోపల అరిగినా ఎర్త్ కాదు. తాళం మీ జేబులో ఉంటుంది, మ్యాగ్నెటో మాత్రం ఎప్పుడు తిప్పుతారా అని చూస్తూ ఉంటుంది. దీన్నే మేం హాట్ మ్యాగ్ అంటాం.

ఇక ప్రొపెల్లర్. ఈ ఇంజన్లలో మధ్యలో క్లచ్ లేదు, గేర్‌బాక్స్ లేదు, ప్రొపెల్లర్ నేరుగా క్రాంక్‌షాఫ్ట్ ముందున్న బిళ్లకి (ఫ్లాంజ్) బోల్టులతో బిగించి ఉంటుంది. మీరు బ్లేడు కదిపితే లోపల పిస్టన్ కదులుతుంది, మ్యాగ్నెటో కూడా. "నేను మెల్లగానే తిప్పాను" అనేవాళ్లకి ఒక సంగతి. మెల్లగా తిప్పినప్పుడు కూడా గట్టి స్పార్క్ రావాలనే మ్యాగ్నెటోకి ఇంపల్స్ కప్లింగ్ అని ఒక స్ప్రింగు ఏర్పాటు పెడతారు, స్టార్టింగ్ కోసం. చేత్తో తిప్పుతుంటే అది బిగుసుకుంటూ వచ్చి ఒక్కసారిగా వదులుతుంది, "టక్" మని వినిపిస్తుంది కూడా. ఆ చప్పుడు విని పిల్లలు ముచ్చటపడి మళ్లీ తిప్పుతారు. హాట్ మ్యాగ్ అయితే ఆ టక్కే స్పార్క్.

సిలిండర్లో పెట్రోల్ లేకపోతే స్పార్క్ వచ్చినా ఏమీ కాదు, నిజమే. అందుకే ఇంజన్‌ను తాళంతో ఆపం, గాల్లో పెట్రోల్ పాలు మార్చే మిక్స్చర్ నాబ్ వెనక్కి లాగి పెట్రోల్ కట్ చేసి ఆపుతాం, ఆ తర్వాతే తాళం తీస్తాం. కానీ మిక్స్చర్ వాల్వ్ పూర్తిగా మూయకపోయినా, స్టార్టింగ్‌కి పెట్రోల్ చిమ్మే ప్రైమర్ కారుతున్నా లోపల కొంచెం మిగులుతుంది. ఆ కొంచెం చాలు. 180 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజన్ మొత్తం 5.9 లీటర్లు, నాలుగు సిలిండర్లు, అంటే ఒక్కోటీ దాదాపు లీటరున్నర. మీ స్విఫ్ట్ కారు ఇంజన్ మొత్తం కలిపినా అంత రాదు. అది ఒక్కసారి పేలితే బ్లేడు గిర్రున తిరుగుతుంది, చెయ్యి తీసే టైమ్ ఇవ్వదు.

చాలా ఏళ్ల కిందట, వేరే చోట, పేరు అనవసరం, ఒక విమానం 100 గంటల తనిఖీకి వచ్చింది. దాన్ని ఎగరేసి తెచ్చిన కుర్రాడు "సర్, మ్యాగ్ డ్రాప్ అసలు లేనే లేదు, ఇంజన్ సూపర్" అన్నాడు. నాకు గుండె జారింది. టేకాఫ్‌కి ముందు 1700, 1800 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర ఒక్కో మ్యాగ్నెటోనూ మార్చి మార్చి ఆపి చూస్తారు కదా, అప్పుడు ఆర్‌పీఎం కొంచెం పడాలి. మరీ ఎక్కువ పడితే తప్పు, అది అందరికీ తెలుసు. అసలు పడకపోతే ఆపామనుకున్న మ్యాగ్నెటో ఆగలేదేమో అని అనుమానించాలి, ఇది మాత్రం పిల్లలకి తట్టదు. కౌలింగ్, అంటే ఇంజన్ మీది మూత, విప్పి చూశాను. ఎడమ మ్యాగ్నెటో వెనక పి-లీడ్ పైకి బాగానే ఉంది. టర్మినల్ దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని కదిపితే మెత్తగా వంగింది, లోపల గట్టిదనం లేదు. ఇన్సులేషన్ కోసి చూస్తే రాగి పోగులన్నీ వైబ్రేషన్‌కి ఒక్కొక్కటే తెగిపోయి, చివర్లు నల్లబడి ఉన్నాయి. పైన ప్లాస్టిక్ తొడుగు ఒక్కటే వైరులా నటిస్తోంది. ఆ రోజు పొద్దున్నే మా హెల్పర్ కుర్రాడు బ్లేడు తుడిచి, దాని మీదే మోచెయ్యి ఆనించి టీ తాగాడు.

కాబట్టి స్టూడెంట్లకి: ఇంజన్ ఆపేముందు, ఐడిల్‌లో ఉండగా, తాళం క్షణంపాటు ఆఫ్‌కి తిప్పి వెంటనే వెనక్కి తేవాలి. ఇంజన్ ఆగబోతున్నట్టు నీరసపడాలి. పడకపోతే స్నాగ్ (లోపం) రాయండి, చెప్పండి, కుదిరితే ప్రొపెల్లర్‌కి హెచ్చరికగా ఒక అట్ట ముక్క కట్టండి. రాస్తే ఇన్‌స్ట్రక్టర్ తిడతాడేమోనని మౌనంగా ఉండొద్దు. ఫొటోలవాళ్లకి: రెక్క కింద నిలబడండి, తలుపు పట్టుకోండి, తోక దగ్గర దిగండి, నేనే తీసిపెడతాను. బ్లేడు తిరిగే వలయంలోకి మాత్రం చెయ్యి, తల, పిల్లాడు, ఏదీ రాకూడదు. అది ఎప్పుడూ తిరగబోతున్నట్టే లెక్క.

మిగతావి.

"5.9 లీటర్లకి 180 హార్స్‌పవరేనా, పాత చెత్త టెక్నాలజీ" అని బుల్లెట్ బండి కుర్రాళ్లు వెక్కిరిస్తారు. ప్రొపెల్లర్ నేరుగా క్రాంక్‌షాఫ్ట్‌కే ఉంది కాబట్టి ఇంజన్ 2700 ఆర్‌పీఎం దాటకూడదు. రెండు మీటర్లకి కాస్త తక్కువ ఉండే ప్రొపెల్లర్ ఆ వేగంలో తిరిగితే బ్లేడు చివర సెకనుకి 270 మీటర్ల పైన పోతుంది. ఇంకా తిప్పితే ధ్వని వేగం దగ్గరికొచ్చి చప్పుడు పెరిగినంత లాగుడు పెరగదు. తక్కువ ఆర్‌పీఎంలో బలం కావాలంటే సిలిండర్ పెద్దది కావాలి, అంతే.

"ఈ ఎండల్లో కార్బ్యురేటర్‌లో మంచేంటి?" మే నెలలో నవ్వండి, పర్లేదు, జులైలో వద్దు. పెట్రోల్ ఆవిరయ్యేటప్పుడు, వెంచురీలో (కార్బ్యురేటర్ లోపలి సన్నటి గొంతు) గాలి పీడనం పడేటప్పుడు లోపల ఉష్ణోగ్రత 30 డిగ్రీల పైగా పడిపోవచ్చు, గాల్లో తేమ ఉంటే బయట చెమటలు పడుతుండగానే లోపల మంచు కడుతుంది. కార్బ్యురేటర్‌కి వేడి గాలి పంపే కార్బ్ హీట్ నాబ్ అందుకే ఉంది. కార్బ్యురేటరే లేని ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజన్లకి ఈ గొడవ లేదు.

"బంకు పెట్రోల్ పోస్తే పోలా?" పోయొద్దు. ఈ ఇంజన్లకి కావాల్సింది అవ్‌గ్యాస్ 100 ఎల్‌ఎల్ అనే విమానాల పెట్రోల్, నీలం రంగులో ఉంటుంది. ఇండియన్ ఆయిల్ 2022 నుంచి వడోదర దగ్గరి గుజరాత్ రిఫైనరీలో దీన్ని తయారు చేస్తోంది, అంతకుముందు దిగుమతే. బంకు పెట్రోల్లో ఇప్పుడు ఎథనాల్ కలుస్తోంది, అది నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు సీళ్లని పాడు చేస్తుంది. జెట్ ఇంధనం పొరపాటున పోస్తే ఇంకా ప్రమాదం, పైపుల్లో మిగిలిన అవ్‌గ్యాస్‌తో టేకాఫ్ అయిపోయి పైకెళ్లాక ఇంజన్ దెబ్బతింటుంది. డైమండ్ డీఏ42 లాంటి డీజిల్ ఇంజన్ విమానాలు జెట్ ఇంధనంతోనే నడుస్తాయి, వాటి లెక్క వేరు.

పిల్లల్ని పైలట్ కోర్సుకి పంపి కంచె బయట నిలబడి టెన్షన్ పడే అమ్మానాన్నలకి ఒక మాట. రన్‌వే చివర ఇంజన్ చప్పుడు ఒక్కసారి తగ్గి మళ్లీ పెరిగితే అది చెడిపోయినట్టు కాదు, పైన చెప్పిన మ్యాగ్నెటో పరీక్షే. నిజంగానే గాల్లో ఇంజన్ ఆగినా విమానం రాయిలా పడదు. సెస్నా 172 అయితే 3000 అడుగుల ఎత్తు నుంచి, ఎదురుగాలి లేకపోతే, 8 కిలోమీటర్ల దాకా జారుతూ వెళ్తుంది, బల్లార్షా నుంచి చంద్రపూర్‌కి సగం దారి. ఇంజన్ లేకుండా దించడం కోర్సులో పదే పదే చేయిస్తారు. మీ భయం నాకు అర్థమవుతుంది, వాట్సాప్‌లో మీకు విమానాలు కూలే వీడియోలు పంపే చుట్టాలే అర్థం కారు.

"2000 గంటలు నిండితే ఇంజన్ పారేయాలట కదా?" లైకమింగ్ చాలా మోడళ్లకి ఓవర్‌హాల్ గడువు 2000 గంటలే, కానీ పారేయం, మొత్తం విప్పి కొలిచి అరిగినవి మార్చి మళ్లీ బిగిస్తాం. ఆ లోపు కూడా ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ కోసి, లోపలి కాగితం మడతలు విప్పి, ఎండలో పెట్టి చూస్తాం, లోహపు తళుకు ఉందా అని. కంప్రెషన్ పరీక్షలో 80 పీఎస్‌ఐ ఒత్తిడితో గాలి పంపి సిలిండర్ ఎంత నిలుపుకుంటోందో రాస్తాం. ఇంజన్ పాతదా కొత్తదా అని స్కూల్ ఆఫీసులో అడిగితే అందరూ కొత్తదే అంటారు. పిల్లాడితో ఇంజన్ లాగ్‌బుక్ తెరిపించండి. చివరి 100 గంటల తనిఖీ పేజీలో నాలుగు సిలిండర్లకీ నాలుగు అంకెలు ఉంటాయి, 75/80, 76/80 అలా. అందులో ఒకటి మిగతావాటికంటే బాగా తక్కువ కనిపిస్తే, దాని మీద తర్వాత ఏం చేశారో పక్క పేజీలో రాసి ఉండాలి.