కార్మికుడు పీల్చే గాలిలో పోగుల లెక్క

ఉక్కు కర్మాగారం, నౌకా నిర్మాణ కేంద్రం, చమురు శుద్ధి కర్మాగారం ఉన్న విశాఖపట్నంలో వేడి బయటికి పోకుండా కొలిమి గోడల వెనుక సిరామిక్ బ్లాంకెట్ అనే పోగుల దుప్పటి, ఆవిరి గొట్టాల చుట్టూ రాక్ వూల్ లేదా గ్లాస్ వూల్ వంటివి వాడే పనిచోట్లు అనేకం. కరిగించిన గాజును, రాతిని, అల్యూమినా-సిలికా మిశ్రమాన్ని సన్నగా సాగదీసి తయారుచేసే ఈ కృత్రిమ పోగులు, కోసినప్పుడు, చింపినప్పుడు, అన్నిటికంటే ఎక్కువగా పాతబడిన పొరలను ఊడదీసినప్పుడు, గాలిలోకి లేస్తాయి.

మామూలు దుమ్మును తూచి మిల్లీగ్రాముల్లో చెబుతారు గాని, పోగుల విషయంలో తూకం తప్పుదారి పట్టిస్తుంది. ఒకే పదార్థంతో, ఒకే పొడవుతో ఉన్నప్పుడు 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లావు పోగు 1 మైక్రాన్ పోగుకు 100 రెట్లు బరువు తూగుతుంది. ఊపిరితిత్తుల లోతుకు చేరగలిగేది మాత్రం సన్నదే. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో 5 మైక్రాన్లకు మించిన పొడవు, 3 మైక్రాన్లకు లోపు లావు ఉండి, పొడవు లావుకు మూడు రెట్లు దాటిన పోగులనే లెక్కిస్తారు.

నమూనా తీయవలసింది షెడ్డు మధ్యలో కాదు, కార్మికుడి ముక్కుకు దగ్గరగా. నడుముకు కట్టిన చిన్న పంపు, కాలరుకు తగిలించిన 25 మిల్లీమీటర్ల ఫిల్టరు గుండా గాలిని లాగుతుంది. ఒక ఘన సెంటీమీటరు గాలిలో సగటున 0.5 పోగు ఉందనుకుందాం. నిమిషానికి 2 లీటర్ల చొప్పున గంటసేపు లాగితే 120 లీటర్ల గాలిలోంచి దాదాపు 60,000 పోగులు ఫిల్టరు మీద చేరతాయి. ఆ ఫిల్టరును అసిటోన్ ఆవిరితో పారదర్శకంగా మార్చి, పారదర్శకమైన సన్నని వస్తువులను స్పష్టంగా చూపే ఫేజ్ కాంట్రాస్ట్ సూక్ష్మదర్శినిలో 100 మైక్రాన్ల వ్యాసమున్న వలయాల్లో ఒక్కొక్క పోగునూ మనిషే లెక్కపెడతాడు. పై ఉదాహరణలో వలయానికి ఒకటికి కాస్త ఎక్కువగా కనిపిస్తాయి. ఇంత ఓపికగా చేసినా ఆ పోగు సిరామిక్‌దో, చొక్కా నూలుదో ఈ సూక్ష్మదర్శిని తేల్చలేదు. సందేహం వస్తే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిని ఆశ్రయించాల్సిందే.

సిరామిక్ పోగులకు అమెరికా వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ 2006లో సిఫార్సు చేసిన పరిమితి ఘన సెంటీమీటరుకు 0.5 పోగు, అది పని దినమంతటి సగటు. ఎనిమిది గంటల షిఫ్టులో రెండు గంటలు పాత బ్లాంకెట్ ఊడదీస్తూ 1.0 పోగు, మిగిలిన ఆరు గంటలు 0.1 పోగు ఉన్న గాలి పీల్చినవాడి సగటు 0.33 దాటదు. కాగితం మీద అంతా సవ్యమే. నా దృష్టిలో ఆ రెండు గంటలను విడిగా కొలవని నివేదిక అసంపూర్ణం. మరమ్మతులకు కర్మాగారాన్ని ఆపే షట్‌డౌన్‌లో కొద్దిరోజుల కోసం వచ్చి అచ్చంగా ఊడదీసే పనే చేసే కాంట్రాక్టు కార్మికుల కాలరుకు ఫిల్టరు తగిలించని నివేదిక మరీ అసంపూర్ణం.

అన్ని పోగులనూ ఒకే గాటన కట్టలేము. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ సిరామిక్ పోగులను మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశమున్న 2బీ వర్గంలో ఉంచింది. ఇన్సులేషన్‌కు వాడే గ్లాస్ వూల్, రాక్ వూల్‌లను వర్గీకరణకు తగినన్ని ఆధారాలు లేని 3వ వర్గంలో చేర్చింది. పైగా దాదాపు 1000 డిగ్రీల సెల్సియస్‌ను మించిన వేడిలో ఏళ్ల తరబడి ఉన్న సిరామిక్ బ్లాంకెట్‌లో కొంత భాగం క్రిస్టోబలైట్ అనే, ఊపిరితిత్తులకు హాని చేసే స్ఫటిక సిలికాగా మారుతుంది. పోగుల లెక్కలో ఈ సిలికా పడదు కాబట్టి, కొలిమి పాత పొరలు ఊడదీసే రోజున సన్నని దుమ్మును వేరుచేసే సైక్లోన్ అనే చిన్న పరికరంతో రెండో నమూనా తీసి, స్ఫటికాలను గుర్తించే ఎక్స్‌రే వివర్తనంతో సిలికాను విడిగా పరీక్షించాలి.